పైలట్ వాచీ కొనే ముందు: డయల్ మీద ఏ గీత ఎందుకుందో చూడండి

అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా: "నా మణికట్టు చుట్టుకొలత 16.5 సెంటీమీటర్లు. ఇన్నాళ్లూ స్మార్ట్ వాచీయే. ఇప్పుడు ప్రమోషన్ వచ్చింది. పది లక్షల దాకా పెట్టి ఒక మంచి మెకానికల్ పైలట్ వాచీ కొనుక్కుని పాతికేళ్లు వాడాలని కోరిక. ఐడబ్ల్యూసీ మార్క్ 20, బిగ్ పైలట్ 43, బ్రైట్లింగ్ నావిటైమర్ 41, జెనిత్ పైలట్ చూశాను, తేల్చుకోలేకపోతున్నాను. అసలు ఆ 'పైలట్' అన్న మాటకి అర్థం ఉందా, ఉత్త మార్కెటింగా?"

మీ చివరి వాక్యం దగ్గరే మొదలుపెడతాను. అది తేలితే మిగతాది తేలిక.

నేను వైమానిక దళంలో ఇన్‌స్ట్రుమెంట్ ఫిట్టర్‌గా పనిచేశాను. కాక్‌పిట్‌లో ఉండే ఆల్టిమీటర్, ఎయిర్‌స్పీడ్ మీటర్, గడియారం లాంటివి విప్పి, సరిచేసి, మళ్లీ బిగించడం మా పని. కొన్నేళ్లు దుండిగల్ అకాడమీలో కిరణ్ ట్రైనర్ల మీద చేశాను. సర్వీసు అయ్యాక సికింద్రాబాద్‌లో వాచీ రిపేరు బల్ల పెట్టుకున్నాను. కాబట్టి ఈ డయళ్లు ముందు విమానం ప్యానెల్ మీద చూసి, ఆ తర్వాత మణికట్టు మీద చూసినవాణ్ణి.

ప్యానెల్ మీద డయల్ చదవడానికి పైలట్‌కి దొరికేది ఒక్క చూపు. కుదుపులుంటాయి, ఎండ సూటిగా కళ్లలో పడుతుంది, లేదా చీకటిగా ఉంటుంది. అందుకే మెరుపు లేని నల్లటి నేల, దాని మీద తెల్లటి అంకెలు, దూరం నుంచే పోల్చుకోగల ముళ్లు. పైలట్ వాచీ డయల్ అక్కడి నుంచే వచ్చింది. ఆ మాటకి అర్థం ఉంది. కాకపోతే ఈరోజు షోరూంలో ఉన్న ప్రతి పైలట్ వాచీలోనూ కొన్ని వివరాలు ఇంకా పనిచేస్తున్నాయి, కొన్ని అలంకారంగా మిగిలాయి. వాటిని విడదీసుకుని, పనిచేసే వాటికి డబ్బు పెట్టమని నా సలహా.

ముందు మీరు చూసిన బిగ్ పైలట్ ముత్తాత సంగతి. 1940ల మొదట్లో జర్మన్ వైమానిక దళం కోసం ఐదు సంస్థలు ఒకే నమూనాలో గడియారాలు చేశాయి: ఐడబ్ల్యూసీ, లాంగె, లాకో, స్టోవా, వెంపె. వాటిని బీ-ఊర్ అంటారు, అంటే పరిశీలకుడి గడియారం. నిజానికి అది విమానం నడిపేవాడికన్నా దారి లెక్కలు కట్టే నావిగేటర్ చేతికి వెళ్లే వస్తువు. కేసు వెడల్పు 55 మిల్లీమీటర్లు. ఐడబ్ల్యూసీ చేసిన దానిలో ఉన్నది జేబు గడియారం మిషనే. క్రౌన్, అంటే కీ ఇచ్చి టైం కలిపే పక్క గుండీ, లాగితే సెకన్ల ముల్లు ఆగుతుంది, మాస్టర్ గడియారంతో సెకను తేడా లేకుండా కలుపుకోవడానికి. క్రౌన్ ఉల్లిగడ్డ ఆకారంలో అంత పెద్దగా ఉన్నది తోలు గ్లౌజు వేసుకున్న వేళ్లకి దొరకాలని. పట్టీ అంత పొడుగు ఎందుకంటే, దాన్ని కట్టుకునేది చొక్కా చెయ్యి మీద కాదు, మందపాటి ఫ్లయింగ్ జాకెట్ పైన.

12 దగ్గర అంకె బదులు త్రిభుజం, దానికి అటూ ఇటూ రెండు చుక్కలు ఉంటాయి. ఇది నాకు చాలా ఇష్టమైన వివరం. చీకట్లో పన్నెండు వెలుగు గుర్తులు మాత్రమే కనిపిస్తే ఏది పైనో తెలియదు. 12 గంటల 30 నిమిషాలైందో, 6 అయిందో పొరబడే వీలుంటుంది. రెండు చుక్కల త్రిభుజం కనబడగానే మెదడు ఇక ఆలోచించదు, పైవైపు అదే. ఈ పద్ధతి ఈరోజు మీ పడగ్గదిలో కూడా అంతే పనిచేస్తుంది. అర్ధరాత్రి మెలకువ వస్తే కళ్లజోడు వెతుక్కోకుండా టైం తెలుస్తుంది. అప్పట్లో ఆ వెలుగు పూత నిజంగా రేడియమే. ఇప్పుడు వాడేది సూపర్ లుమినోవా, ప్రమాదం లేనిది, వెలుతురు పీల్చుకుని కొన్ని గంటలు వెలుగుతుంది. మన కస్టమర్లు మాత్రం ఇప్పటికీ "రేడియం ముళ్లు" అనే అడుగుతారు.

ఇప్పుడు మీ చేతికి వద్దాం. బిగ్ పైలట్ అంటే ఆ బీ-ఊర్‌కి నేటి రూపం. 2002లో వచ్చినప్పుడు 46 మిల్లీమీటర్ల పైన ఉండేది. 2021లో దాన్ని 43కి దించి కొత్త మోడల్ తెచ్చారు, తేదీ కిటికీ, ఇంకా ఎంతసేపు నడుస్తుందో చూపే పవర్ రిజర్వ్ ముల్లు తీసేశారు. నా కంటికి ఆ తీసెయ్యడమే దాని అందం. డయల్ ఒట్టి బీ-ఊర్‌లా శుభ్రంగా ఉంది. లోపల 82100 మిషను, 60 గంటలు నడుస్తుంది. ఆల్బర్ట్ పెలాటన్ రూపొందించిన పద్ధతిలో రోటర్ (చెయ్యి కదిలినప్పుడల్లా తిరిగే బరువు) ఎటు తిరిగినా కీ ఎక్కుతుంది. వెనక గాజు మూతలోంచి అదంతా చూడొచ్చు. అయినా మీకు వద్దంటాను. ఒక స్కేలు తీసుకుని మణికట్టు పైభాగం చదునుగా ఉన్నంత మేర కొలవండి. చుట్టుకొలత 16.5 ఉన్న చేతికి అది సాధారణంగా 50, 52 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. బిగ్ పైలట్ 43లో పై లగ్ (పట్టీ తగిలించే కొమ్ము) కొన నుంచి కింది లగ్ కొన దాకా 50 దాటుతుంది. అద్దంలో బాగానే కనిపించవచ్చు. కానీ ఆ ఉల్లిగడ్డ క్రౌన్ బైకు హ్యాండిల్ పట్టుకున్నప్పుడల్లా చేతి వెనక భాగాన్ని పొడుస్తుంది. గ్లౌజుల కోసం పుట్టిన క్రౌన్ గ్లౌజు లేని చేతికి ఇబ్బంది అవుతోందంటే, మీ వరకు అది అలంకారం కిందే లెక్క. పట్టీకి లగ్స్ దగ్గర కొట్టే రివెట్లు కూడా అలాంటివే.

మార్క్ 20 వంశం వేరు. 1948లో ఐడబ్ల్యూసీ బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ కోసం మార్క్ 11 చేసింది. ఆ గడియారం 1981 దాకా సర్వీసులో ఉంది. ఒక వాయుసేన మూడు దశాబ్దాల పైన ఒకే వాచీని మార్చకుండా వాడిందంటే అది చేసే పని ఎంత పక్కాగా ఉండి ఉంటుందో ఊహించండి. దాని అసలు గొప్ప బయటికి కనబడదు. డయల్ మెత్తని ఇనుముతో చేసింది, మిషను చుట్టూ మెత్తని ఇనుప రింగు, వెనక మరో లోపలి మూత. మూడూ కలిసి మిషనుకి ఒక పెట్టె. రాడార్, రేడియో, మోటార్ల మధ్య ఉండే అయస్కాంత బలం ఆ ఇనుము గుండా పక్కకి పోతుంది, వాచీ వేగాన్ని నిర్ణయించే సన్నటి హెయిర్ స్ప్రింగ్ దాకా రాదు.

ఇది పాతకాలపు సంగతి అనుకోకండి. కిందటేడు ఒక అబ్బాయి కొత్త స్విస్ పైలట్ వాచీ తెచ్చాడు. రోజుకి నాలుగు నిమిషాలు ముందుకి పోతోంది, మిషను పాడైందని టెన్షన్‌తో ఉన్నాడు. నేను మూత తియ్యలేదు. బల్ల మీద ఎప్పుడూ ఉంచుకునే చిన్న దిక్సూచి దగ్గరికి వాచీని జరిపాను. ఉత్తరం చూపుతున్న సూది వణికి, మెల్లగా వాచీ వైపు తిరిగింది. కొంచెం వెనక్కి తీస్తే సూదీ వెనక్కి వెళ్లింది. రాత్రి వాచీ ఎక్కడ పెడతావని అడిగితే బ్లూటూత్ స్పీకర్ మీద అన్నాడు. హెయిర్ స్ప్రింగ్ చుట్లు అయస్కాంతం పట్టి ఒకదానికొకటి అతుక్కుంటే స్ప్రింగు పొట్టిదైనట్టే, బ్యాలెన్స్ వీల్ వేగంగా ఊగుతుంది. డీమాగ్నెటైజర్‌లో పెట్టి తీశాక మామూలైపోయింది. ఐదు నిమిషాల పని. ఫోను ఫ్లిప్ కవరు, ల్యాప్‌టాప్ మూత, ఇండక్షన్ స్టవ్, హ్యాండ్‌బ్యాగ్ క్లిప్పు... మన ఇళ్లలో అయస్కాంతాలకి కొదవ లేదు. పైన చెప్పిన బిగ్ పైలట్ 43కి వెనక గాజు మూత పెట్టడం కోసం ఆ ఇనుప కవచాన్ని వదులుకున్నారు. ఇంకొన్ని సంస్థలు హెయిర్ స్ప్రింగునే సిలికాన్‌తో చేస్తున్నాయి, దానికి అయస్కాంతం అంటదు. కొనేటప్పుడు సేల్స్‌మన్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: అయస్కాంతం నుంచి దీనికి రక్షణ ఏమిటి? సూటిగా జవాబు రాకపోతే స్పెసిఫికేషన్ కాగితం అడిగి చదవండి.

2022లో వచ్చిన మార్క్ 20 వెడల్పు 40 మిల్లీమీటర్లు, మందం 10.8, లగ్ కొన నుంచి కొన దాకా సుమారు 49. మీ చేతికి సరిగ్గా కూర్చుంటుంది. అంతకుముందు మోడల్‌కి 60 మీటర్ల వాటర్ రెసిస్టెన్స్ ఉండేది, దీనికి 100. క్రౌన్ మర తిప్పి బిగించేది. లోపల 32111 మిషను, ఒకసారి పూర్తిగా కీ ఎక్కితే 120 గంటలు నడుస్తుంది. శుక్రవారం సాయంత్రం తీసి పెట్టి, సోమవారం సెలవైతే మంగళవారం పొద్దున చేతికి పెట్టుకున్నా ఇంకా నడుస్తూనే ఉంటుంది, టైం కలపక్కర్లేదు. స్మార్ట్ వాచీ నుంచి వస్తున్నవాళ్లకి ఇది పెద్ద సుఖం. ఈ మిషను పునాది ఐడబ్ల్యూసీ ఉన్న గ్రూపులోనే ఉన్న వాల్‌ఫ్లూరియే సంస్థది, కాబట్టి "పూర్తి సొంత మిషను కాదు" అని కొందరు తీసిపారేస్తారు. బల్ల దగ్గర కూర్చునేవాడిగా చెప్తున్నాను, మిషను ఏ కప్పు కింద పుట్టిందన్నది మీ చేతి మీద తేడా తేదు. పాతికేళ్ల తర్వాత విడిభాగం దొరుకుతుందా అన్నది తెస్తుంది. ఎక్కువ సంఖ్యలో తయారయ్యే మిషనుకే ఆ అవకాశం ఎక్కువ.

ఇంకో చిన్న వివరం. ఐడబ్ల్యూసీ పైలట్ వాచీల స్పెసిఫికేషన్‌లో గాలి ఒత్తిడి హఠాత్తుగా పడిపోయినా అద్దం ఊడకుండా బిగించామని రాసి ఉంటుంది. కాక్‌పిట్‌లో ఒత్తిడి ఒక్కసారిగా పోతే, కేసు లోపల ఉన్న గాలి అద్దాన్ని బయటికి నెడుతుంది. డైవింగ్ వాచీలో నీళ్లు అద్దాన్ని లోపలికి నొక్కుతాయి, ఇక్కడ దానికి సరిగ్గా తిరగేసిన సమస్య. ఎవరూ చూడని చోట కూడా పని జరిగిందనడానికి ఇది గుర్తు, అందుకే నాకు ఆ వాక్యం చదివినప్పుడల్లా గౌరవం కలుగుతుంది.

నావిటైమర్ సంగతి పూర్తిగా వేరు. అది టైం చూపడం కోసం మాత్రమే పుట్టలేదు, లెక్కలు కట్టడానికి పుట్టింది. 1952లో విల్లీ బ్రైట్లింగ్ ఆలోచన ఇది, నావిగేషన్, టైమర్ అన్న రెండు మాటలు కలిపి ఆ పేరు. అంచున గుండ్రని స్లైడ్ రూల్. క్యాలిక్యులేటర్లు లేని రోజుల్లో ఇంధనం, వేగం, దూరం లెక్క మణికట్టు మీదే తేలేది. ఒకటి చేసి చూపిస్తాను. మీ కారు 30 లీటర్లకి 480 కిలోమీటర్లు వెళ్లింది. బెజెల్ (అద్దం చుట్టూ తిరిగే అంచు) తిప్పి బయటి వలయంలో 48ని లోపలి వలయంలో 30కి ఎదురుగా పెట్టండి. ఇప్పుడు లోపలి 10కి ఎదురుగా బయట ఏముందో చూడండి: 16. లీటరుకి 16 కిలోమీటర్లు. నాటికల్ మైళ్లు కిలోమీటర్లలోకి మార్చుకోవాలంటే లోపలి వలయం మీద వాటికి వేరే గుర్తులున్నాయి, ఒకదాని దగ్గర అంకె పెట్టి ఇంకోదాని దగ్గర చదువుకోవడమే. 100 నాటికల్ మైళ్లు అంటే 185 కిలోమీటర్లని చిటికెలో తేలుతుంది. సున్నాలు మాత్రం మన తలలో పెట్టుకోవాలి.

2022లో దీని డెబ్బై ఏళ్ల సందర్భంగా కొత్త మోడల్ వచ్చింది, 41, 43, 46 సైజుల్లో. స్లైడ్ రూల్‌ని చదును చేసి, అద్దాన్ని కొంచెం ఉబ్బుగా చేశారు. దాంతో వాచీ పక్కనుంచి చూస్తే సన్నగా కనబడుతుంది. విమాన యజమానుల, పైలట్ల సంఘం రెక్కల ముద్ర మళ్లీ 12 కిందకి వచ్చింది. బీ01 క్రోనోగ్రాఫ్ మిషను, అంటే స్టాప్‌వాచీ కూడా ఉన్నది, 70 గంటలు. చాలా అందమైన వస్తువు. కానీ ఇక్కడ మూడు మాటలు చెప్పాలి. 41 సైజులో ఆ గీతలు ఎంత సన్నగా ఉంటాయంటే, నలభై దాటాక చత్వారం వస్తే చదవడం కష్టం, మీరేమో పాతికేళ్లు వాడతానంటున్నారు. వాటర్ రెసిస్టెన్స్ 30 మీటర్లే, అంటే చేతులు కడుక్కోవడానికి పర్వాలేదు, జూలై వానలో బైకు మీద తడిసి ముద్దయ్యేవాళ్లకి నప్పదు. మూడోది, క్రోనోగ్రాఫ్ సర్వీసు ఖర్చు మూడు ముళ్ల వాచీకన్నా బాగా ఎక్కువ. ఒక్క చూపులో టైం చదవాలి అనే సూత్రానికి నావిటైమర్ దూరం. లెక్కలంటే ఇష్టం ఉండి, నిజంగా బెజెల్ తిప్పుతాననుకుంటే కొనండి. తిప్పనివాళ్లకి ఆ వలయం ఉత్త పూలదండ.

జెనిత్ పైలట్ 2023లో కొత్తగా వచ్చింది. లూయీ బ్లెరియో 1909 జూలై 25న ఇంగ్లిష్ ఛానల్ దాటినప్పుడు చేతికి ఉన్నది జెనిత్ వాచీయే, కాబట్టి వాళ్ల వంశం కూడా గట్టిదే. డయల్ మీద 'పైలట్' అని రాసుకునే ట్రేడ్‌మార్క్ హక్కు కూడా వాళ్లదే. ఈ డయల్‌ని లూప్ (కంటికి పెట్టుకునే భూతద్దం) పెట్టుకుని చూశాను. అడ్డంగా వరసగా గాళ్లు, మన రేకుల షెడ్డు కప్పులా. పాత విమానాల ఒంటికి అలా ముడతల రేకు వాడేవారు, పల్చని రేకుకి బలం రావడానికి. ఆ జ్ఞాపకం ఈ గాళ్లలో ఉంది. పక్కనుంచి వెలుతురు పడితే ఒక్కో గాడిలో సన్నటి నీడ కదులుతుంది. 6 దగ్గరున్న అడ్డ గీత విమానం ఎటు వాలిందో చూపే ఆర్టిఫిషియల్ హొరైజన్‌ని గుర్తుచేస్తుంది. ఆ పరికరాన్ని ఎన్నోసార్లు విప్పినవాణ్ణి కనుక అది చూడగానే నాకు మనసు ఆగింది. 40 మిల్లీమీటర్లు, ఎల్ ప్రిమెరో 3620 మిషను, గంటకి 36,000 కొట్టుకుంటుంది, 60 గంటలు నడుస్తుంది, 100 మీటర్లు. మీరు అందరి చేతికీ ఉన్నది వద్దనుకుంటే నా రెండో ఓటు దీనికి.

మీ జాబితాలో లేనివి రెండు చెప్తాను, వివరం కోసం. ఒకటి బ్రెగె 2023లో తెచ్చిన టైప్ 20. ధర మీ బడ్జెట్ దాటిపోతుంది. 1950లలో ఫ్రెంచ్ సైన్యం అడిగిన ముఖ్యమైన షరతు ఫ్లైబ్యాక్. మామూలు స్టాప్‌వాచీలో ఆపాలి, సున్నాకి తేవాలి, మళ్లీ మొదలెట్టాలి, మూడు నొక్కుళ్లు. ఫ్లైబ్యాక్‌లో ఒకే నొక్కు, ముల్లు సున్నాకి దూకి అక్కడి నుంచే పరుగు. ఒక మలుపు దగ్గర దిశ మార్చుకుని తర్వాతి అంచెకి టైం పట్టేటప్పుడు ఆ రెండు నొక్కుళ్ల ఆలస్యం కూడా దారి తప్పడమే. కొత్త దాంట్లో హెయిర్ స్ప్రింగ్ సిలికాన్‌ది, ఆకుపచ్చ ఛాయ ఉన్న వెలుగు అంకెలు కళ్లకి హాయి. కానీ 4కీ 5కీ మధ్య ఇరికించిన తేదీ కిటికీ నాకు నచ్చలేదు. అంత జాగ్రత్తగా గీసిన డయల్‌కి అక్కడ చిల్లు పెట్టనక్కర్లేదు. రెండోది రోలెక్స్ ఎయిర్ కింగ్, 2022 మోడల్. నిమిషాల అంకెల్లో అంతకుముందు ఒంటరిగా ఉన్న 5ని '05' చేశారు. ఒక్క సున్నా చేర్చగానే ఎదురుగా ఉన్న 55తో తూకం కుదిరింది. డిజైన్ అంటే ఇలాంటి చోట తెలుస్తుంది.

ఇంకొక మాట. ఈ డయల్ మీద అంత ప్రేమ ఉందో లేదో తెలియాలంటే ముందు ఒక హెచ్ఎంటీ పైలట్ పెట్టుకుని చూడమంటాను. నల్ల డయల్, తెల్ల అంకెలు, రాపిడి తగ్గించే రాళ్లు (జ్యువెల్స్) 17, పొద్దున్నే కీ ఇచ్చుకోవాలి. నా మొదటి జీతంతో కొన్నది అదే, ఇప్పటికీ నడుస్తోంది. ఆన్‌లైన్‌లో దొరికే వాటిలో చాలావాటికి డయల్ కొత్తగా అచ్చు వేయించి, ఏవేవో భాగాలు కలిపి అమ్ముతున్నారు. ఒకాయన తెస్తే మూత తీసి చూశాను, మిషను లోపల ఎప్పుడో తుప్పు పట్టింది, పైన డయల్ మాత్రం నిన్న చేసినట్టు ఉంది. అంకెల అంచులు లూప్‌లో చూస్తే అచ్చు పాకినట్టుంటే కొనకండి. నెల రోజులు రోజూ పొద్దున కీ ఇవ్వడం మీకు ఆనందంగా అనిపిస్తే లక్షలు పెట్టొచ్చు, చాకిరీ అనిపిస్తే స్మార్ట్ వాచీయే ఉంచుకోండి.

సరే, నా తీర్పు మార్క్ 20. నల్ల డయల్ తీసుకోండి, మీరు రోజూ వాడేవారు కనుక స్టీల్ బ్రేస్‌లెట్‌తో తీసుకుని తోలు పట్టీ తర్వాత కొనుక్కోండి. మన ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో తోలు చెమటకి నాని, ఒకటి రెండేళ్లలో వాసనొస్తుంది. పట్టీ మార్చడానికి దీనికి పనిముట్టు కూడా అక్కర్లేదు, వేలితో నొక్కితే వస్తుంది.

షోరూంకి వెళ్లినప్పుడు ఐదు నిమిషాల్లో అయిపోకుండా చూసుకోండి. ఏసీ గదిలో చెయ్యి సన్నబడినట్టుంటుంది, బయట ఎండలో కాసేపు నడిచి వచ్చాక పెట్టుకుంటే అసలు సైజు తెలుస్తుంది. ట్యూబ్ లైటు కింద నిలబడి వాచీని అటూ ఇటూ వంచి అద్దం మీద లైటు ఎంత మెరుస్తోందో చూడండి. తర్వాత రెండు అరచేతులూ గూడులా చేసి వాచీ మీద కప్పి, కన్ను పెట్టి లోపలికి చూడండి. గంటల ముల్లు, నిమిషాల ముల్లు వేరువేరుగా తెలియాలి. తెలియకపోతే అది ఎంత ఖరీదైనా వదిలెయ్యండి. నాలుగు వాచీలూ వరసగా పెట్టి, తల తిప్పేసుకుని, ఒక్కోదాన్ని అర సెకను చూసి టైం చెప్పడానికి ప్రయత్నించండి. నావిటైమర్ దగ్గర మీరు ఆగుతారు, మిగతా మూడింటి దగ్గర ఆగరు.

వారంటీ కార్డు మీద తేదీ, సీరియల్ నంబర్ మీ ఎదుటే రాయించుకోండి. ఐడబ్ల్యూసీ వారంటీ మామూలుగా రెండేళ్లు, వాళ్ల సైట్‌లో రిజిస్టర్ చేసుకుంటే మరో ఆరేళ్లు కలుస్తుంది. చాలామంది ఆ పని మర్చిపోయి మూడో ఏడు నా దగ్గరికి వస్తారు. ధర పది లక్షలు దాటే వాచీ మీద 2025 ఏప్రిల్ 22 నుంచి ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా పట్టుకునే పన్ను) వసూలు చేస్తున్నారు, అది మీ ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో చూపించుకోవచ్చు. విదేశం నుంచి బంధువులు తెస్తామంటే బిల్లు, పెట్టె రెండూ తెమ్మనండి, ఎయిర్‌పోర్టులో డిక్లేర్ చెయ్యమనండి. చేతికి పెట్టుకుని వచ్చేస్తే సరిపోతుందన్న సలహా వినకండి.

చేతికి పెట్టుకున్న ఫోటోలు పెట్టండి, పక్కనుంచి ఒకటి, మోచెయ్యి చాచి అద్దంలో ఒకటి. లగ్స్ మణికట్టు దాటి గాల్లోకి పొడుచుకొస్తున్నాయో లేదో చూసి చెప్తాను.